అటెండెంట్ కార్డు మీద వచ్చిన స్వామి

ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన మరుసటి ఏడాది, ఎండలు ఇంకా ముదరక ముందు, నన్ను ఆడవాళ్ళ మెడికల్ వార్డు నుంచి ఐసీయూకి మార్చి సిస్టర్ ఇన్‌చార్జ్‌గా వేశారు. ఒడిశాలోని బరంపురంలో ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రి అది. పేరు రాయను. భయపడి కాదు, అక్కడ ఇప్పటికీ కొందరు మంచివాళ్ళు పనిచేస్తున్నారు కనుక. నాకు ప్రమోషన్ వచ్చిందని చాలామంది అభినందించారు. అది ప్రమోషన్ కాదు. నాకు రావలసింది అసిస్టెంట్ మేట్రన్ పదవి. దాన్ని నా తరవాత చేరిన అమ్మాయికి ఇచ్చి, నాకు ఐసీయూ బీరువా తాళాలు ఇచ్చారు. ఎందుకని రాసి అడిగాను. జవాబు ఇవాళ్టికీ రాలేదు.

మా వృత్తి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. స్టాఫ్ నర్సు పైన సిస్టర్ ఇన్‌చార్జ్. వార్డులో మందులు, మెషీన్లు, డ్యూటీలు, లోపలికి ఎవరు రావాలి, ఎవరు రాకూడదు అన్నదంతా ఆవిడ బాధ్యత. ఆ పైన అసిస్టెంట్ మేట్రన్, ఆ పైన మేట్రన్. కాగితాల మీద మేట్రన్‌ని నర్సింగ్ సూపరింటెండెంట్ అంటారు. మమ్మల్నందరినీ సిస్టర్ అని పిలుస్తారు కనుక, మెడలో సిలువ కనబడగానే నన్ను చాలామంది కన్యస్త్రీ అనుకునేవారు. నాకు భర్త ఉన్నాడు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఇది కూడా సర్వీసంతా చెబుతూనే వచ్చాను.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో చేరి, ఖల్లికోటలో కొన్నాళ్ళు, ఛత్రపూర్‌లో కొన్నాళ్ళు చేసి చివరికి బరంపురంలో స్థిరపడ్డాడు. మేము ఆర్.సి.ఎం. వాళ్ళం, అంటే రోమన్ కథోలికులం. ఆసుపత్రిలో తెలుగు కథోలికురాలిని నేనొక్కదాన్నే. హిందువులైన తోటివాళ్ళకి నేనూ మా మేట్రన్ కరుణమ్మ గారూ ఒకటే, ఇద్దరం క్రిస్టియన్లం. కరుణమ్మ గారు ప్రొటెస్టెంటు. ఆవిడ దృష్టిలో మాత్రం నేను విగ్రహాలకి మొక్కేదాన్ని. హిందువుల ముందు ఆవిడ పక్షాన మాట పడాలి, ఆవిడ ముందు హిందువుల పక్షాన మాట పడాలి. ఇలా రెండు వైపులా తిట్లు తినే ఉద్యోగం నాకెవరూ జీతమిచ్చి పెట్టలేదు.

డ్యూటీ రూంలో టీ వచ్చిందంటే ప్రశ్నలు మొదలు. మీరు మరియమ్మని దేవతగా పూజిస్తారట కదా? పూజించం, తల్లిగా గౌరవిస్తాం, మా కోసం ప్రార్థించమని అడుగుతాం. మరి నేరుగా దేవుణ్ణే అడగొచ్చుగా, మధ్యలో ఆవిడెందుకు? ఈ ప్రశ్న కరుణమ్మ గారు అడిగారు. ఆవిడ కూతురి ఉద్యోగం కోసం ప్రార్థన చేయండని అంతకుముందు వారమే వాళ్ళ సంఘంలో అందరినీ అడిగారు, హెడ్ ఆఫీసులో గుమస్తాని కూడా అడిగారు. నేరుగా అడగొచ్చుగా అని నేనూ అన్నాను. ఆ నెల నా డ్యూటీ పట్టికలో ఒక్క ఆదివారం కూడా సెలవు పడలేదు.

పాపాలన్నీ ఒక మనిషి చెవిలో చెప్పేస్తే మర్నాటి నుంచి మళ్ళీ కొత్తగా చేసుకోవచ్చట కదా అని ల్యాబ్ టెక్నీషియన్ నవ్వేవాడు. మళ్ళీ చేయకూడదని గట్టిగా అనుకోకుండా చేసే పాపసంకీర్తనం చెల్లదని ఎన్నిసార్లు చెప్పానో. ఆ పాపాలు వినే గురువు, అంటే మా ఫాదర్, విన్నది ప్రాణం పోయినా బయట పెట్టకూడదు, కోర్టు అడిగినా చెప్పకూడదు అని కూడా చెప్పాను. రోగి రక్త పరీక్ష ఫలితం రోగికంటే ముందు క్యాంటీన్‌కి చెప్పే మనిషికి ఆ మాట అర్థం కాలేదు. పోపు గారు ఏం చెప్పినా తప్పు కాదంటారుగా, రేపటి క్రికెట్‌లో ఎవరు గెలుస్తారో అడిగి చెప్పండి దీదీ అనేవారు. విశ్వాసం గురించి, నీతి గురించి సంఘమంతటికీ అధికారికంగా ఒక బోధను నిర్ణయించినప్పుడు మాత్రమే ఆ మాట వర్తిస్తుందని చెబితే, అంత పొడుగు జవాబు ఎవరు వింటారని కప్పు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవారు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న.

ఆ ఏడాది విభూది బుధవారం నాడు ఉదయం పూజకి వెళ్ళి నేరుగా డ్యూటీకి వచ్చాను. ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలం మొదలయ్యే రోజు అది. గురువు మా నుదుటి మీద బూడిదతో సిలువ గుర్తు వేస్తారు. కరుణమ్మ గారు రౌండ్స్‌లో నన్ను చూసి, ట్రేలోంచి స్పిరిట్ దూది తీసి నా చేతిలో పెట్టారు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ అన్నారు. ఇద్దరు ట్రైనీల ముందు. ఆ రోజు నుదుట కుంకుమతో, గంధంతో వచ్చిన వాళ్ళెవరికీ దూది అందలేదు. వాళ్ళు పెట్టుకోవడం నాకు తప్పుగా తోచలేదు, ఇప్పటికీ తోచదు. నా చేతికి మాత్రమే దూది ఎందుకొచ్చిందని అడుగుతున్నాను.

అలాంటి రోజుల్లో గోపాల్‌పూర్ నుంచి ఒక ఆవిణ్ణి తీసుకొచ్చారు. చేపల వేటకెళ్ళే తెలుగు కుటుంబం. చేపలు ఏరుతుంటే కాలికి ముల్లు దిగిందట. షుగర్ ఉన్న ఒళ్ళు. పసరు కట్టుకుని ఊరుకుంది. కాలు నల్లబడి, ఆ విషం రక్తంలోకి ఎక్కాక ఆటోలో వేసుకొచ్చారు. బీపీ నిలబెట్టే మందు మెషీన్ మీద ఎక్కుతోంది, మొహానికి ఆక్సిజన్ మాస్కు. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. భర్త కేరళలో బోటు మీద ఉన్నాడు, ఫోను తగలడం లేదు. వెంట వచ్చింది అత్తగారు నూకమ్మ. అడ్మిషన్ షీటు మీద రోగి పేరు పోలమ్మ, మతం హిందూ అని ఉంది. నూకమ్మ చెప్పగా కౌంటర్‌లో రాసుకున్నారు.

రెండో రోజు నేను మాత్రలు మింగించబోతే, పోలమ్మ మాస్కు పక్కకి జరుపుకుని, సెలైన్ కోసం గుచ్చిన కాన్యులా ఉన్న చేత్తోనే నుదుటి నుంచి గుండెకి, ఎడమ భుజం నుంచి కుడి భుజానికి సిలువ గుర్తు వేసుకుంది. సినిమా చూసి నేర్చుకున్న చెయ్యి కాదది. మావాళ్ళు ఒకరినొకరు ఆనవాలు పట్టే ప్రశ్న ఒకటుంది, అదే అడిగాను. మీది ఏ విచారణ, అమ్మా? విచారణ అంటే ఒక గురువు కింద ఉండే గుడి, దాని చుట్టుపక్కల ఊళ్ళు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. విశాఖపట్నం పక్కన ఒక ఊరి పేరు చెప్పింది. తన పేరు ఫిలోమినా అంది. రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుంటే పెళ్ళయిందట. ఆ తరవాత గుడి మొహం చూడలేదట.

"అక్కా, సామిని ఓపాలి పిలిపించవా? నూని రాయించుకుంతాను," అంది.

మావాళ్ళు గురువుని స్వామి అంటారు. ఆమె అడిగింది వ్యాధిగ్రస్తుల అభ్యంగనం. పీఠాధిపతి, అంటే బిషప్పు, ఆశీర్వదించిన ఆలివ్ నూనెను గురువు వచ్చి రోగి నుదుటి మీద, అరచేతుల్లో రాసి ప్రార్థిస్తారు. మాలో పాతవాళ్ళు దాన్ని అవస్థ అభ్యంగనం అనేవారు. ఇక పోయే మనిషికే రాస్తారని ఆ పేరు వల్ల ఒక అపోహ మిగిలిపోయింది. ఒంట్లో బాగోలేనివాళ్ళు కోలుకోవాలనీ, పాపాలు క్షమింపబడాలనీ, మనసుకి బలం రావాలనీ చేసేది అది.

పద్ధతి ప్రకారం నేను నా పైవాళ్ళకి చెప్పాలి. చెప్పాను. కరుణమ్మ గారు బెడ్డు పక్కన నిలబడే, లేఖనాల్లో లేని పనులకి తన ఐసీయూలో చోటు లేదన్నారు. ఆవిడ రోజూ చంకలో పెట్టుకొచ్చే బైబిల్లోనే, చివరి పత్రికల్లో, అంటే ఉత్తరాల్లో, ఒకదానిలో, రోగి ఉంటే సంఘ పెద్దల్ని పిలిపించి నూనె రాయించి ప్రార్థన చేయించమని ఉంది. ఏ అధ్యాయమో చెప్పాను. అది ఆ కాలానికి చెప్పిన మాట అన్నారు. పుస్తకంలో ఏవి ఆ కాలపు మాటలో, ఏవి ఈ కాలపు మాటలో ఎవరు నిర్ణయిస్తారని అడిగాను. ఆవిడ చార్టులో పల్స్ చూసుకుంటూ పక్క బెడ్డుకి వెళ్ళిపోయారు.

అక్కణ్ణుంచి అడ్మినిస్ట్రేటర్ పట్నాయక్ బాబు గదికి వెళ్ళాను. ఒడియా మనిషి, కోపంగా మాట్లాడడు, పని కూడా చేయడు. అడ్మిషన్ షీటు తెప్పించుకుని మతం అన్న గడి మీద వేలు పెట్టాడు. ఈ రాష్ట్రంలో చట్టం ఉంది సిస్టర్, మతం మార్చాలంటే ముందు ప్రభుత్వానికి తెలియజేయాలి, నా ఆసుపత్రి పేరు పేపర్లో పడితే ట్రస్టుకి నేనేం చెప్పుకోవాలి అన్నాడు. ఎవరూ మతం మారడం లేదని చెప్పాను. జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, పొందని మనిషికి మా గురువులు ఈ నూనె రాయనే రాయరు, రాయకూడదు, ఆమె పసితనంలోనే పొందింది అన్నాను. రుజువేదీ అన్నాడు. ఊరి గుడి రిజిస్టర్‌లో ఉంటుంది, తెప్పించేలోపు ఆమె ఉండకపోవచ్చు అన్నాను. అయితే భర్త సంతకం తెమ్మన్నాడు. భర్త సముద్రం మీద ఉన్నాడు. మాట్లాడే తెలివి ఉన్న వయసొచ్చిన మనిషి అక్కడ మంచం మీద ఉంది, ఆమెనే వచ్చి అడగండి అన్నాను. అది పద్ధతి కాదన్నాడు. ఐసీయూలో మతపరమైన కార్యక్రమాలు జరగకూడదని, అటెండెంట్ కార్డు ఉన్న మనిషి తప్ప బయటివాళ్ళెవరూ లోపలికి రాకూడదని రూల్ చదివాడు.

అదే ఐసీయూలో ఏటా విశ్వకర్మ పూజ నాడు వెంటిలేటర్లకి పసుపూ బొట్టూ పెడతారు, కొబ్బరికాయ కొడతారు. నేను ఎన్నడూ అడ్డు చెప్పలేదు. మెషీన్లకి ఉన్న హక్కు మనిషికి లేదా అన్న మాట నోటి దాకా వచ్చింది. అనలేదు. అనకుండా ఆపుకున్న మాటలు నాకు అన్నవాటికంటే బాగా గుర్తుంటాయి.

నూకమ్మ ఐసీయూ బయట వరండాలో, చెప్పులు పక్కన పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాను. యూనిఫాంలో ఉన్న ఇన్‌చార్జ్ నేల మీద కూర్చోకూడదని ఎవరో తరవాత రిపోర్టు చేశారట. కోడలు ఏమడిగిందో చెప్పాను.

"ఆ పేరు నాకు నోరు తిరగనేదమ్మా," అంది నూకమ్మ. "పోలమ్మ అని పెట్టినాం. మా అమ్మోరు తల్లి పేరే అది. పెల్లయిన కొత్తలో ఆదివారం గుడికెల్తానంది. బరంపురం దాకా ఒవుడు దింపుతాడే అన్నాను. మల్లీ అడగనేదు."

తరవాత అడిగింది. ఆ నూనె ఏమిటని అడిగింది. చెప్పాను. రాస్తే ఏమవుతుందని అడిగింది. చెప్పాను. ఆవిడ భయం ఏమిటంటే, వాళ్ళ వాడలో ఎవరో విశాఖ ఆసుపత్రిలో చూసొచ్చి చెప్పారట, సామి వచ్చి నూనె రాసిన మనిషి ఆ రాత్రే పోయిందని. కనుక నూనె చావుని పిలుస్తుందని అనుకుంది.

"రాత్తే బతుకుద్దా?"

చెప్పలేనమ్మా అన్నాను.

"రాత్తే సచ్చిపోద్దా?"

నూనె వల్ల ఎవరూ పోరు అన్నాను.

"రాసినాక అది మా మడిసేనా? మీ మడిసయిపోద్దా?"

మీ మనిషే. నీ కొడుకు పెళ్ళామే, నీ మనవల తల్లే. ఆమెకి కొత్తగా ఏ పేరూ పెట్టరు, ఏదీ వదులుకోమని అడగరు అని చెప్పాను.

నా సర్వీసులో కప్పుల కొద్దీ టీ తాగుతూ నన్ను అడిగినవాళ్ళున్నారు. ఒక్కరూ జవాబు అయ్యేదాకా నా మొహం చూడలేదు. నూకమ్మ ఒక్కో జవాబు విని, అది లోపలికి దిగేదాకా ఆగి, ఆ తరవాత ఇంకోటి అడిగింది. వాదించలేదు. నన్ను గెలవాలని చూడలేదు. ఆవిడకి ఆ జవాబులతో పని ఉంది.

"లోనకెల్డానికి ఏటి కావాలంతారు?" అని అడిగింది.

అటెండెంట్ కార్డు కావాలి. ఒక రోగికి ఒకటే కార్డు, గులాబీ రంగుది. సాయంత్రం చూడనిచ్చే గంటలో ఆ కార్డు చూపించిన ఒక్క మనిషిని లోపలికి పంపుతారు. ఆ రోజుకి అంతే. అదే మాట చెప్పాను. ఆవిడ బొడ్డులో దోపుకున్న చిన్న సంచీ తీసి, అందులోంచి కార్డు తీసి నా ఒళ్ళో పెట్టింది. అమ్మా, ఇది ఇచ్చేస్తే ఇవాళ నువ్వు చూడలేవు అని విడమరిచి చెప్పాను. రేపటికి ఆమె ఎలా ఉంటుందో డాక్టర్లు కూడా చెప్పడం లేదని కూడా చెప్పాను. దాచలేదు.

"నన్ను రోజూ సూత్తాది కాదేటి. ఆ సామిని సూసి ఎన్నేళ్ళయిందో," అంది.

కార్డు ఎవరి చేతికివ్వాలన్నది కుటుంబం ఇష్టం. కొడుకు రావచ్చు, పక్కింటివాళ్ళు రావచ్చు. మతం చూసి పంపాలని ఏ రూల్‌లోనూ లేదు. నేను ఆ రూళ్ళ కాగితం గోడ మీద మళ్ళీ చదివి, మా విచారణ గురువుకి ఫోన్ చేశాను.

ఆయన సాయంత్రం మామూలు చొక్కా, ప్యాంటుతో స్కూటర్ మీద వచ్చారు. నూనె చొక్కా జేబులో చిన్న లోహపు డబ్బాలో ఉంది. ఒడియా ఆయన, తెలుగు రాదు. తలుపు దగ్గర గార్డు కార్డు చూసి, పేషెంట్ పేరు అడిగాడు. ఫిలోమినా అన్నారాయన. జాబితాలో ఆ పేరు లేదని గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. నేను లోపల బెడ్డు దగ్గర ఉన్నాను, అద్దంలోంచి చూస్తున్నాను. నూకమ్మ లేచి వచ్చి, ఉంది, ఆ పేరే, పోలమ్మంటే అదే అని ఒడియాలో చెప్పింది. గార్డు చెయ్యి తీశాడు.

చేతులు కడిగించి, గౌను తొడిగించి ఆయన్ని లోపలికి తెచ్చాను. అభ్యంగనానికి ముందు రోగి పాపసంకీర్తనం చేస్తుంది. అది మరొకరు వినకూడదు. ఐసీయూలో నర్సు రోగిని వదిలి పోకూడదు. మా పని ఒకటి చెబుతుంది, మా విశ్వాసం ఒకటి చెబుతుంది. తెర వేసి, రెండు బెడ్ల అవతల సెంట్రల్ మానిటర్ ముందు వీపు తిప్పి నిలబడ్డాను. మాట్లాడడానికి ఆమె మాస్కు తీసింది. ఆమె తెలుగులో చెబుతోంది, ఆయనకి తెలుగు రాదు. పశ్చాత్తాపం దేవుడికి తెలుస్తుంది, దుబాసీ అక్కరలేదు. ఆక్సిజన్ అంకె దిగడం మొదలై, అలారం మోగింది. మామూలుగా అయితే ఆ బటన్ వెంటనే నొక్కి శబ్దం ఆపుతాను. ఆ రోజు ఆపలేదు, మోగనిచ్చాను. ఆమె మాట ఎవరికీ వినబడకుండా ఉండడానికి అంతకంటే మంచి సాధనం నా దగ్గర లేదు. అంకె నేను మనసులో పెట్టుకున్న గీత దాటగానే వెళ్ళి మాస్కు పెట్టాను. అప్పటికి ఆమె చెప్పడం అయిపోయింది.

ఆయన ఆమె నుదుటి మీద నూనె రాశారు. కుడి అరచేతిలో కాన్యులా ప్లాస్టర్ ఉంటే వేళ్ళ మొదట రాశారు. ప్రార్థన ఒడియాలో జరిగింది. ఆమె తనకి తెలిసిన చోటల్లా తెలుగులో జవాబిచ్చింది. ఎన్నో ఏళ్ళు వాడని మాటలు, ఒక్కటీ తప్పలేదు.

బయటికొచ్చాక నూకమ్మ ఆయన్ని ఆపి, తన మోకాళ్ళకి కూడా కొంచెం రాయమంది. నేను ఒడియాలో చెప్పాను. జ్ఞానస్నానం పొందనివాళ్ళకి ఈ నూనె రాయరని ఆయన ఇబ్బందిపడుతూ చెప్పి, ఆవిడ తల మీద చెయ్యి ఉంచి ఆశీర్వదించారు. ఆయన వెళ్ళాక నూకమ్మ నాతో, నూని ఇవ్వకపోతే పోనీ, సెయ్యి గట్టిగానే పెట్టినాడు అంది.

మర్నాడు ఉదయం ఫిలోమినాకి ఊపిరి అందక గొంతులోకి గొట్టం వేసి మత్తు ఇచ్చారు. సాయంత్రం నూకమ్మ తన కార్డు మీద లోపలికొచ్చి, మాట్లాడలేని కోడలి కాళ్ళ దగ్గర నిలబడి వెళ్ళింది. ఆ తరవాతి రోజు ఫిలోమినా పోయింది. మాట్లాడగలిగిన ఆఖరి గంట నూకమ్మ ఆ గురువుకి ఇచ్చేసింది.

ఆమె పోయిన మూడో రోజు నా టేబుల్ మీద షో కాజ్ మెమో ఉంది. సంజాయిషీ అడిగే కాగితం అది, జవాబు నచ్చకపోతే ఇంక్రిమెంటు ఆపేస్తారు. పదవిని దుర్వినియోగపరచి, బయటి వ్యక్తిని క్రిటికల్ ఏరియాలోకి రప్పించి, హిందూ రోగికి మతపరమైన కర్మ జరిపించానని ఆరోపణ. అలారం పట్టించుకోలేదన్నది అదనం. మేట్రన్ రిపోర్టు మీద అడ్మినిస్ట్రేటర్ సంతకం. డ్యూటీ రూంలో అప్పటికే, నూనె రాసిన మర్నాడే గొట్టం పడింది చూశావా అనుకుంటున్నారు. ఆమె బతికి ఉంటే మందులు పనిచేశాయనేవారు. పోయింది కాబట్టి నూనె పనిచేసిందన్నారు. ఆ కాలి విషం ఎన్నాళ్ళుగా పాకిందో తెలిసిన నర్సులు ఆ మాట అన్నారు. అదే నేను క్షమించలేను.

మెమో మీద ఎంక్వైరీకి పట్నాయక్ బాబు, కరుణమ్మ గారు, ఒక డాక్టరు కూర్చున్నారు. కార్డు గురించీ అలారం గురించీ అడుగుతారనుకున్నాను, అంకెలతో సహా సిద్ధంగా వెళ్ళాను. అడిగినవి అవి కాదు. మరియమ్మ బొమ్మ ముందు మోకరిస్తారా? మీ స్వాములు పెళ్ళి చేసుకోకుండా ఎందుకుంటారు? చచ్చినవాళ్ళ కోసం ప్రార్థనలేమిటి, ఉత్తరించు స్థలమంటూ ఎక్కడుంది? డ్యూటీ రూంలో టీ ప్రశ్నలన్నీ ఇప్పుడు మెమో కింద వచ్చాయి. ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను. తల్లి ఫోటోకి దండ వేసినవాడు కాగితానికి వేసినట్టు కాదని చెప్పాను. దేవుడి ముందుకి వెళ్ళేముందు అక్కడ శుద్ధి కావలసినవాళ్ళ కోసం బతికున్నవాళ్ళం ప్రార్థిస్తామని చెప్పాను. వీటిలో దేనికి నా ఇంక్రిమెంటుతో సంబంధముందో రాసివ్వమని కూడా అడిగాను. రాసివ్వలేదు.

నూకమ్మ ఆ రోజు డెత్ సర్టిఫికెట్ పని మీద ఆఫీసుకి వచ్చింది. నా సంగతి గుమస్తా చెప్పాడట. పిలవకుండానే లోపలికొచ్చింది. పట్నాయక్ బాబు బరంపురంలో పుట్టిన మనిషి, తెలుగు అర్థమవుతుంది.

"కార్డు నాది, బాబూ. నా కోడలు ఒవుల్ని సూడాలంతే ఆల్నే పంపినాను. సిస్టరమ్మకేటి సంబంధం?"

ఆయన నెమ్మదిగా, అమ్మా, వాళ్ళు నీ కోడలి మతం మార్చేస్తారని నీకు భయం వేయలేదా అని అడిగాడు.

"దాని పేరు మార్సింది నాను," అంది నూకమ్మ. "గుడికి పంపకుండా ఉంచింది నాను. ఆ సామి దాని పాత పేరెట్టి పిలిసినాడు, అంతే. మార్సినోల్లని అడగాలంతే నన్ను అడుగు."

డాక్టరు గారు సెల్ ఫోన్ చూసుకున్నారు. కరుణమ్మ గారు ఆ ముసలావిడకి కుర్చీ చూపించారు. అది మాత్రం ఆవిడ చేసిన మంచి పని, రాయకపోతే అన్యాయం. నూకమ్మ కూర్చోలేదు. సర్టిఫికెట్ కౌంటర్ మూసేస్తారని వెళ్ళిపోయింది.

మెమో మీద చర్య లేదు. అలాగని రద్దూ చేయలేదు. ఫైల్‌లో ఉంచడమైనది అని ఒక వాక్యం రాశారు. తప్పు లేదని రాసివ్వమని రిటైరయ్యేదాకా అడుగుతూ వచ్చాను. కరుణమ్మ గారు రిటైరైన రోజు సన్మానంలో దండ వేయమని నన్నే పిలిచారు. వేశాను. మెమో గురించి ఆవిడ ఒక్క మాట అనలేదు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకి ఆ ఉదంతం నుంచి రెండు సంగతులు చెబుతూ వచ్చాను. ఒకటి, అడ్మిషన్ షీటు వెంట వచ్చినవాళ్ళు చెప్పింది మాత్రమే. రోగికి తెలివి ఉంటే పక్కన కూర్చుని, నీ పేరేమిటి, పరిస్థితి బాగోలేకపోతే ఎవర్ని పిలవమంటావు అని ఆమెనే అడగాలి. నా ఐసీయూలో ఆ తరవాత అలాగే అడిగించాను. అందుకు ఎవరి ఆర్డరూ తీసుకోలేదు. రెండోది, నా విశ్వాసం గురించి అడిగినవాళ్ళలో జవాబు అవసరమైనవాళ్ళు తక్కువ. వాళ్ళు రెండు మాటల్లో అడుగుతారు, విని వెళ్ళి పని చూసుకుంటారు. అవసరం లేనివాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతారు. నేను ఇద్దరికీ జవాబు చెబుతాను. రెండోవాళ్ళకి నిలబడే చెబుతాను, కుర్చీ వేసుకుని కూర్చోను.